కదిలిస్తే పాకుతుందా? పేగులో కణితి తీసేటప్పుడు కణాల సంగతి

"బయాప్సీ తీస్తే క్యాన్సర్ పాకుతుందంటారు, నిజమేనాండీ?"

ఎండోస్కోపీ గదిలో డాక్టర్ పక్కన నిలబడి స్నేర్ అనే తీగ ఉచ్చు అందించడం, ఇంజెక్షన్ సూది పట్టడం, తీసిన ముక్కని సీసాలో వేసి లేబుల్ అతికించడం నా పని. డాక్టర్‌ని అడగడానికి మొహమాటపడేవాళ్లు, సంతకాల కాగితాలు పట్టుకుని వెళ్లిన నన్ను పక్కకి పిలిచి ఈ ప్రశ్న అడుగుతుంటారు. అదే డాక్టర్ చెవిన పడితే "అదంతా అపోహ, అలాంటివి నమ్మకండి" అని ఒక్క మాటలో తేల్చేస్తారు. ఆ జవాబు చాలావరకు సరైనదే. ఆ 'చాలావరకు'లో ఇమడని కాస్త ఉందే, దాని గురించి ఎవరూ తీరిగ్గా మాట్లాడరు, అందుకే ఇది రాస్తున్నాను.

నా వాదన ముందే చెప్పేస్తాను. పేగులో కణితిని కొలనోస్కోపుతో, అంటే మలద్వారంలోంచి పంపే కెమెరా గొట్టంతో, తీసేటప్పుడు కణాలు చెదిరి ఇంకోచోట నాటుకోవడం జరగొచ్చు, కానీ చాలా అరుదు. అరుదు కాబట్టి వదిలేద్దాం అనేవాళ్లతో నాకు పేచీ ఉంది. అరుదైనా సరే దానికోసం పద్ధతులన్నీ మార్చేద్దాం, కొత్త పరికరాలు కొనేద్దాం అనేవాళ్లతోనూ పేచీ ఉంది. ఈ విషయంలో పైసా ఖర్చు లేని జాగ్రత్తలు కొన్ని ఉన్నాయి, వాటికోసం పెద్ద పరిశోధన వచ్చేదాకా కూర్చోవడం అనవసరం. రోగి మీద రిస్కు పెంచే జాగ్రత్తలకి మాత్రం రుజువు చూపించమని గట్టిగా అడగాలి. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టేయడం వల్లే చర్చ ఎటూ తేలకుండా ఉంటోంది.

ముందు పేగు గోడ సంగతి చూడాలి. దాని మందమే కొన్ని మిల్లీమీటర్లు. అందులో లోపలివైపు మ్యుకోసా, దాని కింద సబ్‌మ్యుకోసా, ఆ కింద కండరం. పాలిప్, అంటే పేగు లోపలివైపు మొలిచే గడ్డ, పుట్టేది మ్యుకోసాలో. అది క్యాన్సర్‌గా మారినా ఆ పై పొరలోనే ఉన్నంతకాలం లింఫు గ్రంథులకి పాకడం దాదాపుగా ఉండదు, అందుకే అలాంటిదాన్ని శుభ్రంగా తీసేస్తే కథ అక్కడితో అయిపోతుంది. సబ్‌మ్యుకోసాలోకి దిగిందంటే లెక్క మారుతుంది. అలా దిగిన తొలిదశ క్యాన్సర్లలో, పాథాలజీ రిపోర్టులో టీ1 అని రాస్తారే అవి, మొత్తంమీద పదిమందిలో ఒకరికి అటూఇటూగా లింఫు గ్రంథుల్లో కణాలు దొరుకుతాయి. లోతు 1 మిల్లీమీటరు దాటకపోతే, రక్తనాళాల్లోకి లింఫు నాళాల్లోకి చొరబడ్డ గుర్తులు లేకపోతే, కణాలు మరీ మొరటు రకం కాకపోతే ఆ రిస్కు బాగా తగ్గిపోతుంది.

ఇక్కడ గమనించాల్సింది ఏమిటంటే, ఆ పదిమందిలో ఒకరికి పాకింది డాక్టర్ చెయ్యి పెట్టకముందే. పాలిప్ తీశాక ఆరునెలలకి లింఫు గ్రంథుల్లో కనబడితే ఇంట్లోవాళ్లు "కెలికారు, పాకింది" అనుకుంటారు. వాళ్ల కోపం నాకు అర్థమవుతుంది. కానీ కెలకడానికీ పాకడానికీ సంబంధం లేదు అక్కడ, ముందే పాకినదాన్ని ఆలస్యంగా చూశాం, అంతే.

ఇంకో గందరగోళం కూడా తీరాలి. తీసినచోటే మళ్లీ రావడాన్ని కూడా చాలామంది 'కణాలు చెదిరి మొలిచాయి' అనే ఖాతాలో వేసేస్తారు. 20 మిల్లీమీటర్లు దాటిన పరుపులాంటి పాలిప్‌ని ఈఎంఆర్ పద్ధతిలో, అంటే కింద సెలైన్ ఎక్కించి పైకి ఉబ్బించి తీగ ఉచ్చుతో ముక్కలుముక్కలుగా కోసేటప్పుడు, అంచుల్లో కంటికి కనబడని కాస్త మిగిలిపోవడం మామూలే. మళ్లీ రావడం కణాలు చెదరడం వల్లా, ఇలా మిగలడం వల్లా అన్నదానికి మంచి జవాబు ఆస్ట్రేలియా నుంచి వచ్చింది. 2019లో అచ్చయిన ఆ అధ్యయనంలో పాలిప్ కోసేశాక సగంమందికి గాయం అంచు చుట్టూతా స్నేర్ కొసతో సన్నగా కాల్చారు, మిగతా సగంమందికి కాల్చలేదు. మొదటి ఫాలోఅప్ కొలనోస్కోపీలో కాల్చనివాళ్లలో 21 శాతం మందికి మళ్లీ కనబడింది, కాల్చినవాళ్లలో 5.2 శాతం మందికే. అంచు కాలిస్తే ఇంత తగ్గిందంటే, మళ్లీ వచ్చినవాటిలో అధికభాగం అంచులో మిగిలిన శేషమే అన్నమాట. గాల్లోంచో నీళ్లలోంచో వచ్చిపడ్డ కణాలైతే అంచు కాల్చినా ఇంత తేడా రాదు. కాబట్టి మళ్లీ రాకుండా చూసుకోవడమే మన ఉద్దేశమైతే, అన్నిటికంటే ఎక్కువ ఫలితం ఇచ్చేది ఈ రెండు నిమిషాల పని. ఇదింకా చేయనిచోట్ల కణాల చెదురుబాటు గురించి సెమినార్లు పెట్టుకోవడం నాకు విడ్డూరంగా అనిపిస్తుంది.

సరే, అసలు చెదరడం సంగతికి వద్దాం. 1889లో స్టీఫెన్ పాజెట్ అనే ఇంగ్లిష్ సర్జన్ ఒక మాట అన్నాడు, క్యాన్సర్ కణాలు విత్తనాల్లా అన్నివైపులకీ పోతాయి, తగిన నేల దొరికినచోటే మొలుస్తాయి అని. పేగులో పరిస్థితికి అది చక్కగా అతుకుతుంది. కణితి మీదినుంచి కణాలు ఎప్పుడూ రాలుతూనే ఉంటాయి, మలంతోపాటు కిందికి పోతూనే ఉంటాయి. ఆరోగ్యంగా ఉన్న పేగు లోపలి పొర మీద, జిగురు పూత ఉన్నచోట, అవి అంటుకోవడం కష్టం. పచ్చిగాయం అలా కాదు. మనం పాలిప్ కోసినప్పుడు చేసేది అదే, పూత లేకుండా, రక్తం చెమ్మతో ఉన్న గాయాన్ని తెరుస్తాం. పేగు క్యాన్సర్ ఉన్నవాళ్లకి మలద్వారం దగ్గరి ఫిస్టులాలోనో, మొలల ఆపరేషన్ గాయంలోనో అదే క్యాన్సర్ మొలిచిన కేసులు వైద్య పత్రికల్లో చాలాకాలంగా ఉన్నాయి. పైనుంచి రాలిన కణాలకి కింద గాయం దొరికిందన్నమాట.

ఇప్పుడు కొలనోస్కోపుని ఒకసారి దగ్గరగా చూడండి. దాని లోపల ఒక సన్నటి దారి ఉంటుంది, సుమారు 3.7 మిల్లీమీటర్ల వెడల్పు. బయాప్సీ ఫోర్సెప్స్ వెళ్లేదీ, స్నేర్ వెళ్లేదీ, సూది వెళ్లేదీ, సక్షన్‌లో మురికి నీళ్లు పైకి వచ్చేదీ అన్నీ ఆ ఒక్క దారిలోనే. క్యాన్సర్‌లా కనబడే గడ్డ నుంచి ముక్క గిల్లి ఫోర్సెప్స్ వెనక్కి లాగేటప్పుడు, దాని దవడల అంచుకి పట్టుకున్న చిన్న పీలికలు ఆ దారి గోడలకి రాసుకుంటాయి. ఫోర్సెప్స్ బయటికి వచ్చాక నేను గుడ్డతో తుడిస్తే గులాబిరంగు చార పడుతుంది, మరి లోపల ఎంత మిగిలిందో ఎవరికి కనబడుతుంది? అదే దారిలో తర్వాత స్నేర్ దింపితే, లోపల ఉన్నదాన్ని ముందుకు తోసుకుంటూ వెళ్లి సరిగ్గా కొత్త గాయం ముందర దించుతుంది.

ఇది నా ఊహ మాత్రమే కాదు. 2019లో నెదర్లాండ్స్ బృందం ఒకటి గ్యాస్ట్రోఎంటరాలజీ అనే జర్నల్‌లో ఇదే విషయం మీద పత్రం వేసింది. పేగులో ఒకచోట క్యాన్సర్ బయటపడి, అదేరోజు ఇంకోచోట పాలిప్ తీయించుకుని, కొన్నాళ్లకి ఆ పాలిప్ తీసినచోటే క్యాన్సర్ వచ్చినవాళ్ల కణితుల్ని జన్యుపరీక్షకి పెట్టి చూస్తే, కొందరిలో రెండో క్యాన్సర్ మొదటిదాని సంతానమే అని తేలింది. బయాప్సీ తర్వాత కొలనోస్కోపు లోపలి దారిలో బతికున్న కణితి కణాలు ఉంటున్నాయనీ చూపించారు. అలా జరిగినవాళ్లు చేతివేళ్ల మీద లెక్కపెట్టగలిగినంతమందే. ప్రపంచంలో రోజూ జరిగే పాలిప్ తీతలతో పోలిస్తే అదెంత? ఒప్పుకుంటాను. కానీ దారి ఉందని తెలిసింది, దాన్ని మూయడానికి కావలసింది ఒక సిరంజి నీళ్లు, కాస్త ముందుచూపు. ఇంత చవకైన తాళం వేయడానికి దొంగల గణాంకాలు ఎందుకు?

ముందుచూపు అంటే పనుల వరస. పేగు మొత్తం చూశాక, కోత మొదలుపెట్టకముందే, ఏది ముందు ఏది తర్వాత అని ఒక్క నిమిషం ఆలోచించడం. అనుమానం లేని చిన్న పాలిప్‌లు ముందు తీసేయాలి, క్యాన్సర్‌లా ఉన్నదాని జోలికి చివర్లో వెళ్లాలి. బయాప్సీ ముందే అయిపోతే ఆ దారిని బాగా నీళ్లు కొట్టి కడిగి, ఆ తర్వాతే స్నేర్ దింపాలి, లేదా చిన్నవాటిని ఇంకోరోజుకి వాయిదా వేయాలి. చెప్పినంత తేలిక కాదు ఇది, నాకు తెలుసు. డాక్టర్లు సాధారణంగా కొలనోస్కోపుని పేగు చివరిదాకా తీసుకెళ్లి, వెనక్కి వస్తూ దొరికినవి దొరికినట్టు తీసుకుంటూ వస్తారు. క్యాన్సర్ పై భాగంలో ఉంటే ముందు ఎదురయ్యేది అదే. దాన్ని దాటేసి, కింద పని ముగించుకుని, మళ్లీ పైకి వెళ్లడమంటే రోగికీ డాక్టర్‌కీ ఇంకాస్త శ్రమ, పైగా వెళ్లేటప్పుడు కనబడిన చిన్న పాలిప్ వచ్చేటప్పుడు ముడతల వెనక దాక్కోవడం మామూలే. అలాంటప్పుడు కనీసం ఆ కడగడమైనా చేయాలి. గదిలో ఎవరో ఒకరు, ఎక్కువసార్లు మాలాంటివాళ్లే, "సార్, ఛానల్ ఫ్లష్ చేయమంటారా?" అని అడిగితే చాలు.

సూది గురించి కూడా ఇంతే సూటిగా చెప్పాలి. పాలిప్‌ని ఉబ్బించడానికి ఎక్కించే ద్రవం సబ్‌మ్యుకోసాలోకి పోవాలి. సూదిని కణితి నడినెత్తి మీద గుచ్చితే అది కణితిని దాటుకునే కిందికి దిగుతుంది, దాటేటప్పుడు ఏం మోసుకెళ్తుందో మనకి తెలియదు. అంచు పక్కన ఆరోగ్యంగా ఉన్న పొరలోంచి గుచ్చడం అలవాటు చేసుకుంటే ఈ ప్రశ్నే రాదు. ఆపరేషన్‌లో సర్జన్‌కి చోటు తెలియడానికి వేసే నల్లసిరా టాటూ కూడా అంతే, కణితికి కొన్ని సెంటీమీటర్ల దూరంలో, ముందు సెలైన్‌తో బుడగలా ఉబ్బించి, ఆ బుడగలోకే సిరా ఎక్కించాలి. కణితి కిందే సిరా పోస్తే కణాల సంగతి ఎలా ఉన్నా అక్కడ కండ గట్టిపడిపోతుంది, తర్వాత ఎండోస్కోపీతో తీద్దామన్నా ఉబ్బదు, కోతకి లొంగదు. పెద్ద చదునైన పాలిప్ మీద అవసరం లేకుండా నాలుగైదు బయాప్సీలు గిల్లినా ఇదే గోల. నాకు ఎక్కువ బాధ కలిగించేవి ఈ కేసులే. ఒక్క ముక్కగా వచ్చే అవకాశం ఉన్న పాలిప్, 'ఎందుకైనా మంచిది' అని గిల్లిన గిల్లుళ్లకి అతుక్కుపోయి, ముక్కలుగా కోయాల్సిన స్థితికి వస్తుంది.

ఒక్క ముక్కా, పలు ముక్కలా అన్నదే ఈ మొత్తం వ్యవహారానికి గుండెకాయ. ఒకే ముక్కగా వచ్చినదాన్ని నేను చిన్న కార్క్ పలక మీద పరుస్తాను, ఆరోగ్యమైన అంచుని చుట్టూరా సన్నటి గుండుసూదులతో, చిరగకుండా, మరీ లాగకుండా పిన్ చేసి, ఏది నోటివైపు ఏది మలద్వారంవైపు అని గుర్తు పెట్టి ఫార్మలిన్‌లో ముంచుతాను. పాథాలజిస్టు దాన్ని వరసగా పలచటి చీలికలు కోసి, క్యాన్సర్ ఎంత లోతుకి దిగిందో మైక్రాన్లలో కొలుస్తారు, అంచులో కణాలు ఉన్నాయో లేవో చెప్తారు. అదే పాలిప్ ఎనిమిది ముక్కలుగా వస్తే, సీసాలో ఎనిమిది నలిగిన ముద్దలు. ఏది అంచు, ఏది అడుగు? దేవుడికి తెలియాలి. క్యాన్సర్ ఉందని తేలితే "లోతు చెప్పడం కుదరదు" అని రిపోర్టు వస్తుంది, అవసరం ఉందో లేదో తెలియకుండానే రోగి పెద్ద ఆపరేషన్‌కి వెళ్లాల్సి రావచ్చు. పైగా క్యాన్సర్‌నే ముక్కలు చేశామంటే ప్రతి కోతలో కొత్త కణాలు బయటపడతాయి కదా.

ముక్కలు చేయడం గురించి వైద్యం ఒకసారి గట్టి దెబ్బే తింది. గర్భాశయంలో ఫైబ్రాయిడ్ గడ్డల్ని చిన్న రంధ్రంలోంచి తీయడానికి, కడుపులోనే వాటిని తురిమే పవర్ మార్సిలేటర్ అనే యంత్రం వాడేవారు. మామూలు గడ్డ అనుకున్నదాంట్లో క్యాన్సర్ దాగి ఉంటే దాన్ని పొట్ట అంతా చల్లినట్టయ్యేది. ఫైబ్రాయిడ్ అని ఆపరేషన్ చేయించుకునే ఆడవాళ్లలో సుమారు 350 మందికి ఒకరిలో అలా దాగిన సార్కోమా రకం క్యాన్సర్ ఉండొచ్చని లెక్కగట్టి, 2014లో అమెరికాలో మందుల్నీ వైద్య పరికరాల్నీ నియంత్రించే ఎఫ్‌డీఏ ఆ యంత్రం వాడకం మీద హెచ్చరిక ఇచ్చింది. అంతకుముందు కూడా 'చాలా అరుదు' అనే అన్నారు మరి. పేగు లోపలి భాగం పొట్ట ఖాళీలాంటిది కాదు, అక్కడ పడ్డవి బయటికి పోయే దారి ఉంది, కాబట్టి ఆ పోలికని ఎక్కువ సాగదీయను. కోసేముందు అది ఏమిటో తేల్చుకోవాలి అన్న పాఠం మాత్రం రెండింటికీ ఒకటే. పాలిప్ మీది గుంటల తీరు, సన్నటి రక్తనాళాల తీరు చూసి లోతుకి దిగిందో లేదో అంచనా వేసే పద్ధతులు ఉన్నాయి, కుడో వర్గీకరణ, జేనెట్ వర్గీకరణ లాంటివి. స్నేర్ అడిగేముందు రెండు నిమిషాలు ఆ ఉపరితలాన్ని పెద్దదిగా చేసి చూసే డాక్టర్‌కీ, కనబడగానే ఉచ్చు బిగించే డాక్టర్‌కీ ఉన్న తేడా రోగికి తెలియదు, పక్కన నిలబడ్డ మాకు తెలుస్తుంది.

మరి అన్నిటినీ ఒకే ముక్కగా తీసే ఈఎస్‌డీ పద్ధతిలోనే చేసేయొచ్చుగా అంటారా? జపాన్‌లో మొదట కడుపు క్యాన్సర్లకోసం పెరిగిన పద్ధతి అది, సన్నటి విద్యుత్ కత్తితో సబ్‌మ్యుకోసాని పొరగా ఒలిచి కణితిని మొత్తంగా తెస్తుంది. గంటలు పడుతుంది, చేయి తిరగడానికి ఏళ్లు పడుతుంది, పేగుకి చిల్లు పడే రిస్కు ఈఎంఆర్ కంటే ఎక్కువ. ఇది రెండో రకం జాగ్రత్త, రిస్కు ఉన్న రకం. పెద్ద పాలిప్‌లలో ఎక్కువభాగం క్యాన్సర్ కానివే, వాటన్నిటికీ ఈఎస్‌డీ చేయడం అనవసరమైన సాహసం. అనుమానం ఉన్నవాటికి మాత్రం, చేతగాని చోట ముక్కలు చేసేకంటే, చేతనైన చోటుకి పంపడం మేలు.

రుజువు అడగాలి అని నేను ఎందుకు పట్టుబడుతున్నానంటే, ఈ రంగంలో తర్కం బాగున్న ఆలోచనలు బోల్తాపడటం కొత్తేమీ కాదు. 1967లో క్లీవ్‌లాండ్ క్లినిక్‌కి చెందిన రూపర్ట్ టర్న్‌బుల్ అనే సర్జన్, కణితిని ముట్టుకోకముందే దానికి పోయే రక్తనాళాలు కట్టేస్తే కణాలు పాకవు అని 'నో టచ్' పద్ధతిని ప్రచారం చేశాడు. వినడానికి ఎంత సబబుగా ఉందో చూడండి! దశాబ్దాలపాటు ఎందరో దాన్నే నమ్మారు. చివరికి జపాన్‌లో జేకాగ్ 1006 అనే పెద్ద ట్రయల్‌లో 850 మందికి పైగా రోగుల మీద పోల్చి చూస్తే, మామూలు పద్ధతి కంటే అది మెరుగని తేలలేదు. 1990ల మొదట్లో లాపరోస్కోపీ రంధ్రాల దగ్గర క్యాన్సర్ మొలుస్తోందని పెద్ద కలకలమే రేగింది, 2004లో అమెరికా ట్రయల్ ఫలితాలు వచ్చేసరికి అలా జరిగినవాళ్లు లాపరోస్కోపీలోనూ, పొట్ట కోసి చేసే ఆపరేషన్‌లోనూ ఒక శాతం కంటే తక్కువే. చిల్లు సంగతి కూడా అలాంటిదే. కడుపులో ఎండోస్కోపీతో క్యాన్సర్ తీసేటప్పుడు చిల్లు పడితే కణాలు పొట్టలోకి జారి మొలుస్తాయేమో అని భయపడ్డారు, 2007లో జపాన్ నుంచి వచ్చిన పరిశీలనలో అలా జరిగినట్టు కనబడలేదు. వెంటనే క్లిప్పులు వేసి మూసేయడం ముఖ్యమే, కానీ చిల్లు పడిందనగానే క్యాన్సర్ పొట్టంతా పాకిందని ఎవరూ ఏడవనక్కర్లేదు.

దీనికి రెండోవైపూ ఉంది. రెక్టమ్, అంటే పెద్దపేగు చివరి భాగం, క్యాన్సర్ ఆపరేషన్‌లో స్టేప్లర్ కొట్టేముందు కింది భాగాన్ని కడిగే అలవాటు సర్జన్లకి ఉంది. స్వీడన్ రిజిస్ట్రీ లెక్కలు 2010లో వచ్చాయి, కడిగినవాళ్లలో 6 శాతం మందికి అక్కడే మళ్లీ వస్తే, కడగనివాళ్లలో 10 శాతం మందికి వచ్చింది. చీటీ వేసి విడదీసిన ట్రయల్ కాదు అది, కడిగే సర్జన్లు మిగతా విషయాల్లోనూ జాగ్రత్తపరులే అయ్యుండొచ్చు. అయినా నీళ్లతో కడగడానికి అంతకంటే రుజువు అడిగేవాళ్లని చూస్తే నాకు ఓపిక నశిస్తుంది. ఎండోస్కోపీలోనూ గాయాన్ని చివర్లో బాగా కడిగి, ఆ నీళ్లు పీల్చేయడం, ముక్కల్ని పేగు పొడుగునా ఈడ్చుకురాకుండా వలలో పట్టుకుని తేవడం ఆ కోవలోనివే.

ఇదంతా చదివి కొలనోస్కోపీకే భయపడితే మాత్రం నా రాత దండగ. పాలిప్‌లు తీయించుకున్నవాళ్లని ఏళ్లతరబడి గమనించిన అమెరికా నేషనల్ పాలిప్ స్టడీ 2012లో చెప్పింది, సాధారణ జనాభాలో ఉండాల్సినదానితో పోలిస్తే వాళ్లలో పేగు క్యాన్సర్ చావులు 53 శాతం తక్కువ అని. పాలిప్‌ని అలాగే వదిలేస్తే వచ్చే ముప్పు ముందు, కణం చెదిరి మొలిచే ముప్పు లెక్కలోకి కూడా రాదు. మీకు పెద్ద పాలిప్ ఉందని చెప్తే "తీయొద్దు" అనకండి, "ఒకే ముక్కగా వస్తుందా, రాకపోతే వచ్చేలా చేసే చోటు ఉందా" అని అడగండి. ఆ ప్రశ్నకి చిరాకుపడే డాక్టర్ దగ్గర తొందరపడి చేయించుకోవాల్సిన అవసరం సాధారణంగా ఉండదు, పాలిప్ రాత్రికి రాత్రే పెరిగేది కాదు.

ఇక ఫాలోఅప్. ముక్కలుగా తీసిన పెద్ద పాలిప్‌కి ఆరునెలల్లో మళ్లీ చూడమంటారు, అప్పుడు అందరి కళ్లూ ఆ పెద్ద మచ్చ మీదే ఉంటాయి. అదేరోజు తీసిన మిగతా చిన్న పాలిప్‌ల చోట్లని ఎవరూ వెతకరు, ఎందుకంటే అవి ఎక్కడో రిపోర్టులో ఉండదు, "మరో మూడు చిన్న పాలిప్‌లు తీయడమైనది" అని ఒక్క వాక్యం ఉంటుంది. ఏ భాగంలో, ఏ వరసలో, క్యాన్సర్ బయాప్సీకి ముందా తర్వాతా అని రిపోర్టులో ఇంకో రెండు లైన్లు రాస్తే తర్వాత చూసేవాళ్లకి ఎక్కడ ఆగాలో తెలుస్తుంది.